జానెడు నేసి చూడాలె

“నా మిక్సీ ప్లగ్ ఎవలు పీకిన్రు?”

వంటింట్లోంచి స్వర్ణలత ముందుగదిలోకి కేక వేసింది. పల్లీలు, పచ్చిమిరపకాయలు సగం నలిగి జార్‌లో ఆగిపోయాయి. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, గడప పక్కనున్న మూడు రంధ్రాల సాకెట్‌లో మిక్సీ వైరుకు బదులు లావుపాటి నల్ల వైరు ఉంది. ఆ వైరు పోయి కలిసినచోట, కొత్త పెట్టె ముందు, ఆమె భర్త రాంచందర్ ఒళ్లో గిటార్ పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇంటి మొత్తం మీద ఎర్తింగ్ ఉన్నది గా ఒక్క సాకెట్‌కే లతా. వేరేదాంట్ల పెడితే గుయ్యిమని మొత్తుకుంటది.”

“మిక్సీ గూడ వేరేదాంట్ల పెడితే షాక్ కొడ్తది. నేను మొత్తుకోనా మరి?”

“ఒక్కపూట రోట్ల నూరరాదు?”

“రోలు మీ అమ్మ మందార చెట్టుకు కుండీ చేసింది. పోయి చెట్టు పీకిరా, నూరుత.”

పెరట్లో నూలు కండెలు చుడుతున్న అత్త ఆండాళు అక్కడినుంచే అందుకుంది. “మొగడూ పెండ్లాలు ఏమన్న జేసుకోండ్రి. నా చెట్టు జోలికొస్తే ఊకోను!”

మగ్గం మీదున్న మామ గండయ్య పోగుల నడుమ నాడె విసరడం ఆపకుండానే నవ్వాడు. చివరికి ఆ పూట అందరూ ఇడ్లీలు కారప్పొడితో తిన్నారు. రాంచందర్ మాత్రం ఆ సంగతి కూడా గమనించలేదు. రెండు ఇడ్లీలు నిలబడే తిని, మళ్లీ పెట్టె ముందుకు పోయాడు.

ఆ పెట్టె ముందురోజు, శుక్రవారం సాయంత్రం హైదరాబాదు నుంచి వచ్చింది. గిటార్‌కు పెట్టే ఆంప్లిఫైయర్. లోపల పాత రేడియోల్లో ఉన్నట్టు గాజు వాల్వులు ఉంటాయట. అవి వేడెక్కాకగాని అసలు గొంతు విప్పదట. వెల లక్షా అరవై అయిదు వేలు. రాంచందర్‌తో ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి, ఇప్పుడు కారు తిప్పుకుంటున్న నరసింహ ఆ షాపువాళ్లకు పూచీ ఉండి తన డిక్కీలో వేసుకుని తెచ్చాడు. షరతు ఒక్కటే. ఆదివారం సాయంత్రంలోగా డబ్బైనా పంపాలి, పెట్టెనైనా పంపాలి.

ఇంటికి తెచ్చి చూడమన్న సలహా గండయ్యది. షాపులో రాంచందర్ మూడు ఆంపులు వాయించి చూసి, ఏది మంచిదో తేలక తలపట్టుకుని వచ్చాడు. అక్కడి ఏసీ గదిలో, గోడల నిండా మెత్తలు అంటించినచోట, అన్నీ ఒకే తీరుగా మోగాయన్నాడు. గండయ్య నలభై ఏళ్లుగా నూలు కొంటున్నవాడు.

“దుకాండ్ల చూసిన నూలు వేరు, ఇంటికొచ్చినంక అదే నూలు వేరు. ఒక్క చిలప నూలు తెచ్చుకో. ఉడకబెట్టు. మన మగ్గం మీద జానెడు నేసి చూడు. గప్పుడు బేరం జెయ్యి” అన్నాడు. ఆ ఇంట్లో దేనికైనా అదే నియమం. బియ్యం బస్తా అయినా ఒక గుప్పెడు వండి చూశాకే దించుకునేవాళ్లు. గిటార్ పెట్టెకు కూడా అదే న్యాయమని అందరికీ తోచింది.

నల్గొండ నుంచి పానగల్ పోయే దారిలోని ఆ చేనేత కాలనీలో వాళ్లది మూడు గదుల ఇల్లు. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు. ఒకటి గండయ్య నేస్తున్నది. రెండోది మొన్నటిదాకా రాంచందర్ కూర్చున్నది. ఆరు నెలల కిందట దాన్ని విప్పి అటక మీద పెట్టారు. కాళ్లు పెట్టుకునే గుంట మీద వేపచెక్కలు పరిచి, పైన చాప వేశారు. ఇంట్లో ఖాళీగా ఉన్న జాగా అదొక్కటే కాబట్టి పెట్టెను తెచ్చి ఆ చాప మీదనే దించారు.

శుక్రవారం సాయంత్రం వాల్వులు వేడెక్కాక రాంచందర్ మొదటి తీగ మీటాడు. స్వర్ణలత బియ్యం ఏరుతోంది. ఆ శబ్దం చెవికి కాదు, ముందు ఆమె అరికాళ్లకు అందింది. నిండుగా, గుమ్మటంలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆండాళు కండె వదిలేసి గడపలోకి వచ్చింది. గండయ్య నాడె ఆపాడు. అది ఆ ఇంట్లో అరుదైన మర్యాద. రాంచందర్ పాట సగంలో తల వంచుకున్నాడు. గిటార్ మీద ఒక చుక్క పడితే బొటనవేలితో తుడిచాడు.

“ఇదే బాపు” అన్నాడు. “ఇగ వేరేది అక్కర్లేదు.”

ఆ కన్నీటి చుక్క వెనక ఉన్నదంతా స్వర్ణలతకు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాడు. డీజేలు వచ్చి సగం పెళ్లిళ్లు పట్టుకుపోయాయి, కరోనా మిగతా సగాన్ని తీసుకుపోయింది. రెండేళ్లు తండ్రి పక్కన మగ్గం నేశాడు. మళ్లీ ఒకటి రెండు పిలుపులు వస్తున్నాయని మగ్గం విప్పేసిన కొన్నాళ్లకే, నందికొండలో ఒక పెళ్లిలో పాట మధ్యలో పాత ఆంప్ పొగలు కక్కింది. పెళ్లికూతురు మేనమామ మైకు లాక్కుని, “గా గిటారాయన్ని దింపుండ్రి, ఇల్లు గాలవెడ్తడు” అన్నాడు. ఆరోజు నవ్విన జనం నవ్వు ఆయన ఇంకా మోస్తూనే ఉన్నాడు. తర్వాత ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు హైదరాబాదులో పెద్ద పెళ్లిళ్లకు బ్యాండు పంపే ఒక మేనేజరు నరసింహ మాట మీద, బాగుచేయించిన ఆ పాత ఆంప్‌తోనే ఒకసారి విన్నాడు. “చెయ్యి బాగానే ఉన్నట్టుంది, సౌండే రేకుడబ్బా. మంచి ఆంప్ తీసుకుని గురువారం రండి. కుదిరితే సీజను మొత్తం మీదే” అన్నాడు. నలభై పెళ్లిళ్లు. నలభై నాలుగేళ్లవాడికి ఇంకో పిలుపు రాదని రాంచందర్‌కు తెలుసు. రెండో దారి కూడా ఉంది. స్వర్ణలత అన్న కిష్టయ్య మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. లారీలు తూకం వేసేచోట ఒక పని ఖాళీ ఉందని, సోమవారం దాకా ఆపగలనని చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి రాంచందర్‌కు తిండి సయించడం లేదు.

డబ్బు స్వర్ణలతది. డిగ్రీ చదివి ఈ ఇంటికి వచ్చిన ఆమె, ఉద్యోగం దొరక్క, అత్త దగ్గర చిటికి కట్టడం నేర్చుకుంది. చీర మీద పువ్వు ఎక్కడ తెల్లగా మిగలాలో అక్కడ నూలుకు రబ్బరు చుట్టి ముడివేసి, ఆపైన రంగులో ముంచాలి. అలా కట్టిన కూలిలోంచి నెలనెలా కొంత చేనేత పొదుపు పథకంలో వేస్తే, మూడేళ్లకు ప్రభుత్వం వాటాతో కలిసి లక్షా డెబ్బై వేలు దాటింది. ఆమె పేరున, ఆమె బ్యాంకులో ఉంది. మూడేళ్ల ముళ్లు. మళ్లీ అంత పోగుపడాలంటే వేళ్లు ఉండాలి, పథకం ఉండాలి, రెండూ నమ్మకం లేనివే. అయినా శుక్రవారం ఆ శబ్దం విని ఆమె కూడా తీసుకోమనే అనుకుంది.

శనివారం మధ్యాహ్నం పక్కింటి సోమమ్మ ఇత్తడి గుండిగ అడగడానికి వచ్చింది. ఇత్తడి సామానంతా చెక్కల కింద గుంటలోనే ఉంది.

“జర పెట్టె పక్కకు జరుపు బిడ్డా” అంది ఆండాళు.

“ఇప్పుడేనా?” రాంచందర్ గొణుక్కుంటూనే పెట్టెను గోడవారగా సిమెంటు నేల మీదికి దించాడు. వాళ్లు చెక్కలు ఎత్తి గుండిగ వెతుకుతుండగా ఊరికే కూర్చోలేక తీగ మీటాడు.

శబ్దం పలచగా, కీచుగా వచ్చింది. మళ్లీ మీటాడు. మరలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వైరు పీకి పెట్టాడు.

“వాల్వు పోయినట్టుంది! నేను దించేటప్పుడు పోయింది. లతా, షాపోడు పైసలన్ని మనతోనే గుంజుతడు!”

నరసింహకు ఫోన్ చేస్తే, “వోల్టేజ్ డౌనుంటదన్నా, ఫికర్ జెయ్యకు. కొంచెం సేపాగి చూడు” అన్నాడు. ఈలోగా సోమమ్మ గుండిగ పట్టుకుని పోయింది. చెక్కలు మళ్లీ వేశారు. రాంచందర్ పెట్టెను బిడ్డను ఎత్తినట్టు ఎత్తి చాప మీద పెట్టాడు. మీటాడు. ఆ నిండు శబ్దం తిరిగి వచ్చింది.

“చూసినవా, వోల్టేజొచ్చింది!” అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

స్వర్ణలత పైకి చూసింది. ఫ్యాను అప్పుడూ ఇప్పుడూ ఒకే వేగంతో తిరుగుతోంది.

భర్త స్నానానికి పోయినప్పుడు ఆమె మామ రేడియో తీసింది. వార్తలు వస్తున్నాయి. సిమెంటు నేల మీద పెట్టి విన్నది. తర్వాత చెక్కల మీద పెట్టి విన్నది. వార్తలు చదివే అమ్మాయికి ఒక్కసారిగా మగగొంతు వచ్చినట్టయింది. చెక్కల మీద అరచెయ్యి ఆనిస్తే సన్నగా అదిరింది.

“ఏంజేస్తున్నవు బిడ్డా?” అన్నాడు గండయ్య మగ్గం మీంచి.

“ఏంలేదు మామా. సెల్లు అయిపోయినయేమోనని.”

పెట్టె కాదు పలికింది, గుంట. మూడు అడుగుల లోతు, అడుగున ఇత్తడి సామాను పోను అంతా ఖాళీ, పైన వేపచెక్క. రాంచందర్ ఏడ్చింది ఆ గుంటను విని. మన మగ్గం మీద నేసి చూడాలన్న మాటను అక్షరాలా పాటించి, లక్షా అరవై అయిదు వేల వస్తువును మగ్గం గుంట మీద పెట్టి మురిసిపోయారు అందరూ. గురువారం నాడు ఆ గుంటను హైదరాబాదు ఎవరు మోసుకుపోతారు?

చెప్పాలనుకుంది. బాత్రూమ్‌లోంచి ఆయన కూనిరాగం వినబడింది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో వినబడనిది. చెప్పలేకపోయింది. చెప్పకపోతే డబ్బు పోతుంది, గురువారం ఆయన అందరి ముందు మళ్లీ నవ్వులపాలవుతాడు. చెబితే ఇప్పుడే, ఈ నిమిషమే ఆ కూనిరాగం ఆగిపోతుంది. బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం మరిచి అలాగే నిలబడింది.

సాయంత్రం రాంచందర్ ఆమె ఫోన్ తెచ్చి చేతికిచ్చాడు. షాపు పేరు, అంకె అన్నీ తనే కొట్టి పెట్టాడు. “పిన్ కొట్టు లతా. రేపటిదాక ఎందుకు, ఇయ్యాల్నే పంపిద్దాం.”

ఆమె ఫోన్ తీసుకుంది. వేలు అంకెల మీద ఆడింది. “ఒక్కపారి పెట్టెను కింద పెట్టి వాయించు” అంది.

“ఎందుకు?”

“సిమెంటు మీద. మధ్యాన్నం పెట్టినకాడనే.”

“అప్పుడు వోల్టేజ్…”

“వోల్టేజ్ కాదు. గుంట.”

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. “నీకు మొదటిసంది ఇష్టం లేదు. పైసలియ్యబుద్ధి కాకపోతే గదే చెప్పు, నడుమ గుంటను ఎందుకు తెస్తవు?”

“పైసలు ఇగో, ఫోన్లనే ఉన్నయి. కింద పెట్టి వాయించు. నిన్నటి లెక్క మోగితే ఇప్పుడే పిన్ కొడ్త.”

ఆయన విసురుగా పెట్టెను దించాడు. వాయించాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మరలన్నీ తిప్పి చూశాడు. చెక్కల మీదికి ఎక్కించాడు, మళ్లీ దించాడు. నాలుగోసారి దించి గిటార్ పక్కన పెట్టాడు. గండయ్య నాడె ఆపి చూస్తున్నాడు. ముందు ఆయనకే ఎక్కింది. “నా నోట్ల మన్నువడ. నేనే జెప్తి మన మగ్గం మీద చూడమని” అన్నాడు.

“గా ఫంక్షన్ హాలు కాడ చూడాలె” అన్నాడు రాంచందర్ చివరికి. ఎవరివైపూ చూడలేదు. “పెండ్లిళ్లు అయ్యేది హాల్లల్ల. ఈ ఇంట్ల కాదు, గా షాపుల కాదు. హాల్ల మంచిగ మోగితే తీసుకుంట.”

పానగల్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు వాచ్‌మన్ యాదయ్య ఆర్కెస్ట్రా రోజుల నుంచీ తెలిసినవాడు. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఒక పెళ్లివాళ్లు ఖాళీ చేస్తారని, పదకొండుకు ఇంకొకళ్లు దిగుతారని, నడుమ వచ్చి ఏమన్నా చేసుకొమ్మని అన్నాడు. ఇద్దరూ పెట్టెను ఆటోలో వేసుకుని పోయారు. స్వర్ణలత ఒడిలో గిటార్.

హాలు నిండా వాడిన బంతిపూల వాసన. ఇద్దరు ఆడవాళ్లు నేల ఊడుస్తున్నారు. నేలా స్టేజీ అంతా గ్రానైట్ రాయి. గుంట లేదు, చెక్క లేదు.

“శానా రోజులాయె రాంచందరన్నా” అన్నాడు యాదయ్య. “ఇగ అంతా డీజేలే. రాత్రి మోతకు మా గేటుకాడి కుక్క పారిపోయింది, ఇంకా రాలె.”

రాంచందర్ నవ్వలేదు. “లతా, నువ్వు ఎన్కగోడ కాడికి పోయి నిలబడు. ఎట్ల వినొస్తాందో నిజం చెప్పు” అన్నాడు.

ఆమె కుర్చీల వరసలు దాటుకుంటూ చివరికి పోయి నిలబడింది. వాల్వులు వేడెక్కేదాకా ఆయన తీగలు సరిచేసుకున్నాడు. తర్వాత వాయించాడు. శుక్రవారం వాయించిన పాటే, ఇరవై ఒక్క ఏళ్లు ప్రతి పెళ్లిలో వాయించిన పాటే.

పెట్టె అద్భుతంగా ఉంది. ఆమెకు సంగీతం రాదు, అయినా అది తెలిసింది. ఒక్కొక్క స్వరం హాలు దాటి వచ్చి గోడకు తాకేదాకా చెదరలేదు. ఇంటి గుంటలోని ఆ గుమ్మటపు మోత లేదు. ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది. అదే ప్రాణం మీదికి వచ్చింది. చిటికి కట్టు వదులైతే రంగు ముడి కిందికి పాకి పువ్వు అంచు చెదురుతుంది. అలా ఒక స్వరం పక్కదానిలోకి పాకుతోంది. ఉంగరం వేలు తీగ మీదికి చేరేసరికి తాళం ఒక వెంట్రుకవాసి ముందుకు పోయి ఉంటోంది. వేగంగా వాయించాల్సినచోట రెండు స్వరాలు అసలు పలకనే లేదు. పాత ఆంప్ రేకుమోతలో, ఇంటి గుంట మోతలో ఇవన్నీ ఇన్నాళ్లు దాగి ఉన్నాయి. రెండేళ్లు మగ్గం మీద నాడె లాగిన చెయ్యి అది. పోగును దగ్గరికి కొట్టే మగ్గం పలక పట్టుకుని పట్టుకుని ఆ వేళ్లు వేరే పనికి అలవాటుపడ్డాయి.

ఆయన ఆపాడు. అదే చోటు మళ్లీ వాయించాడు. మూడోసారి వాయించాడు. ప్రతిసారీ ఆ రెండు స్వరాలు పోయాయి. ఊడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె, “మంచిగ వాయిస్తుండు” అంది రెండోదానితో. ఆ మాట ఆయనకూ వినబడి ఉండాలి.

స్వర్ణలత వెనకగోడ దగ్గర నుంచి కదలలేదు. నిజం చెప్పమన్నాడు. ఎంత దూరం నడిస్తే చెప్పాల్సిన అవసరం తప్పుతుందోనని లెక్కపెడుతున్నట్టు ఒక్కో కుర్చీ పట్టుకుంటూ వచ్చింది. దగ్గరికి వచ్చేసరికి ఆయన పెట్టె స్విచ్చి ఆపి, వాల్వులు చల్లారడానికి దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“పెట్టె మంచిదే లతా” అన్నాడు. “పెట్టెకు ఏం రోగం లేదు.”

“నాలుగు రోజులున్నది ఇంకా. రోజంతా కూసుంటే…”

“నాలుగు రోజులల్ల వచ్చేదైతే ఈ ఆరు నెలలల్ల రాకపాయెనా? రోజూ వాయించిన. గా ఇంట్ల వాయించిన, అంతే. ఎవలికి వినొచ్చింది?”

యాదయ్య వచ్చి రెండో పెళ్లివాళ్ల డెకరేషన్ లారీ వచ్చిందన్నాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని పెట్టెను మోశారు. తెచ్చినప్పటి కంటే బరువుగా ఉందనిపించింది ఆమెకు. ఆటోలో ఆయన ఇంటి మలుపు దగ్గర, “గా మేనేజరుకు నా చెయ్యి గూడ మంచిగ వినొస్తుండె గురువారం. పైసలు నీయి పోతుండె, పరువు నాది పోతుండె” అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

మధ్యాహ్నం భోజనాలకు నలుగురూ కింద కూర్చున్నారు. ఆదివారమని ఆండాళు కోడికూర వండింది. సంబరం ఉంటుందనుకుని వండిన కూర అది. పెట్టె మళ్లీ చాప మీదనే ఉంది, వేరే జాగా లేక. ఎవరూ దానివైపు చూడలేదు.

గండయ్య రెండు ముద్దలు తిని ఆగాడు. “ఏమాయెరా? హాల్ల మోగిందా?”

రాంచందర్ అన్నం కెలుకుతున్నాడు. ఆయన నోటితో ఆ మాట చెప్పించడం కంటే ఇంకేదైనా మేలనిపించింది స్వర్ణలతకు.

“నేనే వద్దన్న మామా” అంది. “పైసలు నేను ఇయ్య. మళ్ల ఎన్నడు జమ చేసుకోవాలె? అవసరాలకు ఉండాలె గద.”

ఆండాళు చేతిలో గరిటె ఆగింది. “అగ్గో! సదువుకున్న కోడలని మురిసినందుకు మంచిగనే చేసినవు పిల్లా. నీ పైసలని మొగన్ని హైదరాబాదు పోకుండ జేస్తవా? గా పైసలు నెత్తిన కట్టుకపోతవా?”

“అట్లనే అనుకో అత్తా.”

“అనుకునేదేంది, కండ్లముందట కనవడ్తాంది!”

“బిడ్డా, నేను నేసేదాంట్ల కొంచెం కలుపుత…” గండయ్య మొదలుపెట్టాడు.

“బాపు” అన్నాడు రాంచందర్. గొంతు పెద్దది చెయ్యలేదు. “ఆమె ఇయ్యనన్లే. పిన్ కొడ్తనని ఫోన్ చేతిల పట్టుకోనే ఉన్నది. వద్దన్నది నేను.” ఆండాళు వైపు తిరిగాడు. “ఆమెనేమనకు అమ్మా.”

“మరేందిరా నువ్వు చెప్పేది?”

“పెట్టె సాయంత్రం నరసింహ వచ్చి తీస్కపోతడు. గురువారం నేను హైదరాబాదు పోను. కిష్టయ్య బావకు ఫోన్ చేసిన. రేపు పొద్దుగాల ఫస్టు బస్సుకు మేళ్లచెరువు పోతున్న, గా తూకం పనికి. ఆడనే రూమ్ కిరాయికి చూసుకుంట.”

ఇరవై నాలుగేళ్ల కిందట ఇదే కొడుకు గిటార్ కొన్నాడని వారం రోజులు మాట్లాడని గండయ్య, ఇప్పుడు ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని బతిమాలుతున్నట్టు ముందుకు వంగాడు.

“జర ఆలోచించుకోరాదుర కొడుకా. ఇంకొక్క రోజు.”

“ఆలోచించిన బాపు.”